కోరలోడు ఎవరి పడుగుకూ రాలేదు

నేను రాసే కథలో మూడు వందల ఏళ్లుగా చావకుండా తిరుగుతున్న రక్తపిశాచి ఒకడున్నాడు. చదివే ఆడపిల్లల్లో సగం మంది వాడి మీద మనసు పారేసుకున్నారు. మా అత్త మాత్రం వాడిని మనిషిగా కూడా లెక్కేయలేదు. వాడు నెత్తురు తాగుతాడన్నది ఆమె బాధ కాదు.

“మూడు నూర్ల ఏండ్లుగా ఊరోళ్ల నెత్తురంతా తాగతా ఉండాడు గదమ్మా, ఒక్క దినమన్నా ఎవురి పావుకన్నా వచ్చి నిలబడినాడా వాడు?” అని అడిగింది, రాట్నం తిప్పుతూనే.

నేను పగలబడి నవ్వాను. అప్పుడు నవ్వాను గానీ, ఆ ఏడాదే ఆ మాట నన్ను ఏడిపించింది. అందుకే ముందు ఆ మాటకు అర్థం చెప్పాలి.

మాది తమిళనాడులో, వేలూరు దగ్గర గుడియాత్తంలో నేతవాళ్ల వీధి. పడుగును మావాళ్లు అరవ మాటతో పావు అంటారు. లుంగీల పడుగును వీధి పొడవునా సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదిరేలోపు ఆరబెట్టి చుట్టేయాలి. ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదది. తెల్లారగానే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చి తలా ఒకచోట నిలబడతారు. పడుగు చుట్టేదాకా ఎవరూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. కూలీ నాలీ ఏమీ ఉండదు. ఈరోజు నా పడుగుకు నువ్వొస్తే రేపు నీ పడుగుకు నేనొస్తాను. దీన్ని ముయ్యి అంటారు. జ్వరమొచ్చి మంచాన పడితే మన బదులు ఇంకొకరిని పంపాలి. ముయ్యి ఎగ్గొట్టినవాడు మా వీధిలో తలెత్తుకుని తిరగలేడు.

అత్త అంటే మా నాన్నకు అక్క. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే తమ్ముడింటికి వచ్చేసింది. నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ పోయింది. అప్పట్నుంచి నాకు తల దువ్వింది, బడికి పంపింది, వీపు మీద రెండు వేసింది, అన్నీ అత్తే. తమ్ముడి ఇంట్లో ఊరికే కూర్చుని తింటోందని ఎవరూ అనకూడదని రోజంతా కండెలు చుట్టేది. పక్కింటివాళ్లు గిన్నెడు పులుసు పంపితే ఆ గిన్నె మా ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు, ఏదో ఒకటి వేసి తిరిగి పంపాల్సిందే. ఆమె పట్టుదల చూస్తే ఒక్కోసారి నాకు ఒళ్లు మండేది. ఎవరైనా ప్రేమగా ఇస్తే తీసుకోవచ్చు కదా అని పోట్లాడేదాన్ని. నా మాట ఎప్పుడూ చెవిన వేసుకోలేదు.

ఇక నా రక్తపిశాచి సంగతి. అప్పట్లో నేను వేలూరులో, తొరపాడిలో ఒక టైపింగ్ సెంటర్‌లో పనిచేసేదాన్ని. కాలేజీ పిల్లల ప్రాజెక్టులు టైపు చేయడం నా పని. వారమంతా హాస్టల్లో ఉండి శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చేదాన్ని. టీవీలో అరవంలోకి డబ్ చేసిన ఒక విదేశీ సీరియల్ వచ్చేది, అందగాడైన రక్తపిశాచి ఉండేవాడు అందులో. చివర్లో వాడిని చంపేశారు. నాకు ఎంత కోపమొచ్చిందంటే రెండు రోజులు అన్నం సయించలేదు. అప్పుడే తెలిసింది, నాలాంటి కోపిష్ఠి ఆడవాళ్లు లోకమంతా ఉన్నారని, వాళ్లు తమకిష్టమైన పాత్రలు పట్టుకుని సొంత కథలు రాసి ఫోన్లో పెడుతుంటారని. నేనూ మొదలుపెట్టాను. మొదట్లో వాడు అరువు తెచ్చుకున్న మనిషే. రాసేకొద్దీ వాడికి మా వీధి తెలుగు వచ్చింది, మా బస్టాండు వచ్చింది, చివరికి పాత పిశాచికీ వీడికీ చుట్టరికం కూడా మిగల్లేదు.

రాయడం తెలుగులోనే, అక్షరాలు మాత్రం అరవం. ఎందుకంటే మావాళ్లలో చాలామందికి నోటి నిండా తెలుగు ఉంది గానీ తెలుగు అక్షరం ఒక్కటి రాదు. నేను కూడా తెలుగు రాత నేర్చుకున్నది చాలా తర్వాతే. విజయవాడ నుంచో ఎక్కడి నుంచో ఒకామె నా కథ తెరిచి, “ఇదేం భాషండీ?” అని అడిగింది. “మా ఇంటి భాష” అని జవాబు పెట్టాను. ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లలు భోజనాల వేళ చదివేవాళ్లు. తిరుపత్తూరు నుంచి ఒక నర్సింగ్ విద్యార్థిని ప్రతి భాగం కిందా, “అక్కా, వాడ్ని మాత్రం చంపొద్దు, మీకు పుణ్యముంటాది” అని రాసేది.

వాడిని వేలూరు ప్రాంతంలో బతికించడం అంత తేలికేమీ కాదు. విదేశీ పిశాచులు ఎండ తగిలితే కాలిపోతారు. వేలూరు ఎండకు మామూలు మనుషులే మాడిపోతారు, ఇక వాడి గతేం కాను! ఏప్రిల్, మే నెలలు మొత్తం వాడిని పాత గోడౌన్లో పడుకోబెట్టాల్సి వచ్చింది. వెల్లుల్లి వాసన వాళ్లకు పడదు కదా, అందుకని వాడు ఆంబూరులో రైలు దిగలేడు. ప్లాట్‌ఫారం దాకా బిర్యానీ వాసన వస్తుంది. ఆంబూరు పిల్లలు నా మీద అలిగారు.

ఆదివారం మధ్యాహ్నాలు అత్తకు చదివి వినిపించేదాన్ని. ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, నేను గోడకు చేరగిలబడి ఫోన్లో చూసి చదివేదాన్ని. మొదటి రోజే ఒక అభ్యంతరం లేవదీసింది.

“కాట్టేరి ఆడది గదా, వీడు మొగోడెట్ల అయినాడు?” 

మా వైపు నెత్తురు తాగే కాట్టేరి ఆడదేవతే. గర్భిణుల కోసం ఆమె పేరు చెప్పి మొక్కు తీరుస్తారు. ఇది వేరే జాతి అని నేను నచ్చజెప్పాను. “సరి, చదువు” అంది. ఆ రోజు నుంచీ వాడిని ‘కోరలోడు’ అనేది. ఆ పేరే కథలోకి కూడా వచ్చింది.

పావుకు వచ్చి నిలబడ్డాడా అని అత్త అడిగిన ప్రశ్న నాకు తెగ నచ్చింది. నచ్చిందని ఊరుకున్నానా, దాన్ని ఎత్తుకెళ్లి కథలో పెట్టాను. నా కథలో ఒక ముసలామె కోరలోడిని వీధిలో నిలబెట్టి, “తిరిగి ఇయ్యలేనిది తీసుకోని బతికేవాడే పిశాచి. కోరలుంటే ఎంత, లేకుంటే ఎంత!” అని కడిగిపారేస్తుంది. ఆ భాగానికి వచ్చినన్ని మెచ్చుకోళ్లు ఇంకే భాగానికీ రాలేదు. అత్తకు చదివి వినిపించాను. చక్రం ఆపేసి వింది. “ఇది న్యాయం” అంది. ఆమె కళ్లలో గర్వం చూసి నేను పొంగిపోయాను. నాకైతే అది పసందైన మాట, అంతే. ఆమె మాత్రం దాన్ని అచ్చంగా నమ్మింది. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

తర్వాత రెండు నెలలకు, ఎదురింటివాళ్ల పడుగు దగ్గర నిలబడి ఉన్న అత్త ఉన్నట్టుండి కింద కూలబడింది. ఎదురింటామెకూ అత్తకూ అప్పటికి రెండేళ్లుగా మాటలు లేవు. మురుగుకాలువ మీద బండ ఎవరు జరిపారన్న తగాదా. మాటలు లేకపోయినా ముయ్యి మాత్రం ఆగలేదు, వాళ్ల పడుగుకు వీళ్లు, వీళ్ల పడుగుకు వాళ్లు మూతి ముడుచుకునే వచ్చి నిలబడేవాళ్లు. అత్త పడగానే ఆమే పట్టుకుందట. చీర చూసి అరిచిందట. చీరంతా నెత్తురు.

ముట్టు నిలిచిపోవాల్సిన వయసులో అది నిలవకుండా ఏడాది పైగా పోతూనే ఉందని మాకు అప్పుడే తెలిసింది. ఒక్క ముక్క ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. వారం వారం వచ్చి వేరే ఎవరి నెత్తురో, ఎవరి పాలిపోయిన ముఖమో వర్ణించి చదివాను గానీ, నా ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం ఎందుకు తెల్లబడిందో చూడలేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వేలూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, నన్నూ నాన్ననూ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. గర్భసంచిలో గడ్డలున్నాయి, సంచి తీసేయాలి. ఒంట్లో పన్నెండు ఉండాల్సిన రక్తం ఆరే ఉంది. ఈ రక్తంతో మత్తు ఇవ్వలేం, ముందు మూడు బాటిళ్లు ఎక్కించాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఉన్నది కూడా పోతుంది. గడ్డ ఎలాంటిదో తీసి పరీక్షకు పంపాకే తెలుస్తుంది.

నేను అత్త దగ్గరికి వెళ్లి, ఏముంది, రక్తం ఎక్కిస్తే సరిపోతుందట అని తేలిగ్గా చెప్పాను.

“ఎవురిది?” అంది.

“ఆసుపత్రిలో రక్తనిధి ఉంటాది అత్తా. ఎవరో ఇచ్చింటారు.”

“ఎవురో అంటే? యాడోళ్లు?”

“అది చెప్పరు. ఎవరిచ్చిందీ చెప్పకూడదు, అదే పద్ధతి.”

“అట్లయితే నాకొద్దు.”

ఇది మామూలు బెట్టు అనుకున్నాను. కాసేపు బతిమాలితే దిగొస్తుందనుకున్నాను. నర్సు వచ్చి చెప్పింది, డాక్టరమ్మ వచ్చి చెప్పింది. నాన్న మంచం పక్కన నిలబడి, “అక్కా, ఒప్పుకో అక్కా” అని ఆ మూడు ముక్కలే పదిసార్లు అన్నాడు. అత్త గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను ఓపిక పోగొట్టుకున్నాను. “ఎందుకు వద్దంటావు? సూదంటే భయమా?” అని అరిచాను.

అప్పుడు లేచి కూర్చుంది. గొంతు పెంచలేదు.

“నాకు నెత్తురిచ్చినోళ్ల ఇల్లు యాడుండాదో చెప్పు. వాళ్ల ఇంట్లో ఒక కష్టమొస్తే పోయి నిలబడతాను. నువ్వు చెప్పలేవు, ఆ డాక్టరమ్మ చెప్పలేదు. ముయ్యి తీర్చలేనిది తీసుకోని బతికేదానికి నేనేమన్నా నీ కోరలోడినా?”

ఆ మాట ఆమెదే. కానీ దానికి మెరుగులు దిద్ది, మెచ్చుకోళ్లు అద్ది, ఇది న్యాయం అని ఆమె చేత అనిపించింది నేను. ఇప్పుడు అదే మాట పట్టుకుని మా అత్త చచ్చిపోవడానికి సిద్ధంగా కూర్చుంది. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, బలవంతంగా ఎక్కించలేం, ఒకటి రెండు రోజుల్లో ఒప్పించండి, ఆ తర్వాత నా చేతుల్లో కూడా ఉండదు అంది.

ఆ రోజు అత్త మీద నాకు వచ్చినంత కోపం ఇంకెప్పుడూ, ఎవరి మీదా రాలేదు. అమ్మ పోయినప్పుడు నాకు కోపగించుకోవడం కూడా తెలియదు. ఆ కోపం కూడా ఇక్కడే వచ్చి చేరినట్టుంది. ఎంత పెద్దది ఈమె అభిమానం! నన్ను పెంచడానికి నా దగ్గర ఏం ముయ్యి తీసుకుంది? మరి నేను ఆమెకు ఏం తిరిగిచ్చానని పదేళ్లపాటు నా తల దువ్వింది? ఇవన్నీ మొహాన అడిగేయాలనిపించింది. అడిగితే ఆమె గోడ వైపు తిరుగుతుంది, అంతే.

కథ వల్ల వచ్చిన తిప్పలు కథతోనే పోతాయనుకున్నాను. మర్నాడు ఉదయమే క్యాంటీన్లో ఒక మూల బల్ల దగ్గర కూర్చుని కొత్త భాగం రాశాను. కోరలోడు ఒక తెల్లవారుజామున మా వీధిలోకి వస్తాడు. పడుగు చివర పట్టుకుని నిలబడతాడు. ఎండ పైకొచ్చి ఒళ్లు కాలుతున్నా, పొగలు వస్తున్నా కదలడు. మూడు వందల ఏళ్ల ముయ్యి ఒక్క ఉదయంలో తీర్చేస్తాడు. వీధివాళ్లంతా వాడిని క్షమిస్తారు. నేనే రాస్తూ నేనే ఏడ్చాను. క్యాంటీనువాడు ఎవరో పోయారనుకుని నా టీ చల్లారిపోతే ఇంకో టీ తెచ్చిపెట్టాడు.

పైకి వెళ్లి అత్తకు చదివాను. కళ్లు మూసుకుని వింది. అయిపోయాక ఒక కన్ను తెరిచింది.

“ఎండ తగిలితే వాడు బూడిదైపోతాడని నువ్వే గదా చెప్పినావు? ఎండాకాలం రెండు నెలలు గోడౌన్లో పండబెట్టినావు. ఇప్పుడు పావు చుట్టేదాకా ఎట్ల నిలబడినాడు?”

నేను ఫోన్లో రాసింది మళ్లీ పైనుంచి వెతికాను.

“నా కోసరం వాడ్ని మంచోడ్ని చేసినావు. చాల్లే, ఫోన్ లోపల పెట్టు” అని మళ్లీ గోడ వైపు తిరిగింది. కథలో పొరపాటు పట్టుకునేంత తెలివి, ప్రాణం దక్కించుకోవడానికి పనికిరాకుండా పోయింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. రోగికి ఎక్కించే రక్తానికి బదులుగా ఇంటివాళ్లెవరైనా వచ్చి ఇస్తే మంచిదని రక్తనిధిలో మొదటి రోజే చెప్పారు. నేను వెంటనే వెళ్లి చేయి చాచాను. తూకం మీద నిలబెట్టి, నలభై రెండు కిలోలే ఉన్నావు, నీ దగ్గర తీసుకోం పొమ్మన్నారు. ఇన్నేళ్లు నెత్తురు కథలు రాసిన నా నెత్తురు ఎవరికీ పనికిరాలేదు. ఈ విసుగంతా ఆ మధ్యాహ్నం నాన్న దగ్గర వెళ్లగక్కాను. ఆయన మాట్లాడే మనిషి కాదు. అంతా విని, “ఇప్పుడే వస్తా” అని వెళ్లిపోయాడు. ఎక్కడికని నేనూ అడగలేదు. సాయంత్రమైనా రాలేదు. పొద్దుపోయాక, గుడియాత్తంలో ఉన్నానని ఫోన్ చేశాడు.

మర్నాడు పొద్దున ఆసుపత్రి గేటు దగ్గర చూసేసరికి మా వీధి నిలబడి ఉంది. నాన్నతో కలిపి తొమ్మిది మంది. మొదటి బస్సుకే వచ్చేశారు. అందరూ పడుగు పనికి వచ్చినప్పటిలాగే ముతక బట్టల్లో ఉన్నారు. నాన్న వాళ్లకు పెద్దగా వివరించినట్టు కూడా లేదు. “అక్కకు నెత్తురు కావల్ల, ముయ్యి” అన్నాడట, అంతే.

రక్తనిధిలో కూర్చున్న ఆమె కాగితాలు తీసుకుంటూ అరవంలో, “అందరూ ఏమైనా తిన్నారా?” అని అడిగింది.

“లేదమ్మా, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు!” అన్నాడు ముందున్న పెద్దాయన, ఛాతీ విరుచుకుని. వెనకున్నవాళ్లు కూడా అదే గర్వంతో తలలూపారు.

ఆమె తల పట్టుకుంది. పరగడుపున రక్తం తీస్తే కళ్లు తిరిగి పడిపోతారు, తిన్నాకే తీయాలి, ఈ మాట ఎవరూ చెప్పలేదా అని నన్ను గద్దించింది. నాకు తట్టనే లేదు. పడుగు చుట్టేదాకా ఏమీ ముట్టని మనుషులు, అదే పని అనుకుని అలాగే వచ్చారు. అందరినీ క్యాంటీన్‌కు తోలుకుపోయి ఇడ్లీలు పెట్టించాను. పని చేయకముందే తినడం వాళ్లకు ఎంత మొహమాటంగా ఉందంటే, పెద్దాయన రెండు ఇడ్లీలు తినడానికి పావుగంట పట్టింది.

మళ్లీ వెళ్తే ఒక్కొక్కరినీ పరీక్ష చేశారు. ఇద్దరికి వయసు మీరింది. ఒకాయన నాలాగే తూకంలో తేలిపోయాడు. ఒకాయన నిన్న తాగాడని మాటల్లో బయటపడింది, వాళ్లావిడ లేదు కాబట్టి బతికిపోయాడు. ఇద్దరు ఆడవాళ్లకు వాళ్లకే రక్తం తక్కువుందని తేలింది, మాత్రలు రాసి పంపించారు. చివరికి ముగ్గురు మిగిలారు. మా నాన్న, చేతులకు నీలం రంగు ఎప్పుడూ వదలని రంగుల పనాయన, ఎదురింటామె.

ముగ్గురూ మోచేతి దగ్గర దూది అంటించుకుని, చేయి మడిచి పట్టుకుని పైకి వచ్చారు. రక్తం ఇవ్వనివాళ్లు కూడా వెనకాలే వచ్చారు. అంతమందిని ఒకేసారి లోపలికి పంపబోమని వార్డు దగ్గర ఆపేస్తే, ముగ్గురే లోపలికి వెళ్లారు. అత్త వాళ్లను చూసి గబుక్కున లేచి కొంగు సర్దుకుంది. ఎదురింటామెను చూసి చూపు తిప్పుకోబోయింది. ఆమె తిప్పుకోనివ్వలేదు. వచ్చి మంచం అంచున కూర్చుంది. రెండేళ్ల తర్వాత మాట్లాడిన మొదటి మాటలు ఇవి:

“నా నెత్తురు నీకు రాదంట. ఇంగెవురికో పోతాదంట. నీకు ఎవురిదో వస్తాదంట. కింద ఆయమ్మ చెప్పింది.”

అత్త ఆలోచించింది. “ఎవురికి పోతాది?”

“ఎవురికో. నాకేం తెలుసు? వాళ్లకీ చెప్పరంట, మనకీ చెప్పరంట.”

“వాళ్లు మనిండ్లకి వచ్చేది లేదు గదా?”

“యాడ వస్తారు! మన ఇల్లే తెలీదు గదా వాళ్లకి.”

“అట్లయితే నాకు వచ్చేది కూడా ఇట్లనే, ఎవురి కోసరమో ఎవురో వచ్చి ఇచ్చినదేనా?”

“అంతే గదా మరి. నువ్వేమనుకుంటివి, ఆసుపత్రోళ్లు చేన్లో పండిస్తారనుకుంటివా?”

నాన్న నేల చూస్తున్నాడు. అత్త ముగ్గురి చేతుల మీది దూదిని వరసగా చూసింది. తర్వాత తమ్ముడిని అడిగింది.

“అంటే మన ముయ్యి ముందే అయిపాయనా?”

“అయిపాయక్కా. మూడు బాటిళ్లు” అన్నాడు నాన్న.

“అట్లయితే సూది పెట్టమను” అని చేయి మంచం మీద చాపింది.

నా ప్రాణం లేచొచ్చింది. నేను వరండాలోకి వెళ్లి గోడకు ఆనుకుని ఏడ్చాను. వార్డు బయట నిలబడ్డ మా వీధివాళ్లు నన్ను చూసి కంగారుపడ్డారు, ఒప్పుకుంది, ఒప్పుకుంది అని చేతులూపితే గానీ వాళ్ల ముఖాలు తేటపడలేదు. పెద్దాయన, “ఒప్పుకోకుంటే ఎట్ల? ఇంతమంది పనులిడిచి వచ్చిండేది” అన్నాడు, తన దగ్గర రక్తమే తీసుకోలేదన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

మొదటి బాటిల్ ఎక్కుతున్నప్పుడు అత్త దాన్నే చూస్తూ పడుకుంది. “సల్లగా ఉండాదే. చెయ్యంతా సల్లగా పాకతా ఉండాది. నువ్వు వెచ్చగా ఉంటాదని రాస్తివి” అంది. ఫ్రిజ్‌లోంచి తీసింది కదా అత్తా అన్నాను. “చూసి రాయల్ల గదా మరి” అంది. అంత సంతోషంలో నాకు ఆ తిట్టు కూడా తీయగా ఉంది.

ఆ రోజుల్లో నేను కథ ముట్టుకోలేదు. ఫోన్లో ఒకటే గోల. కోరలోడు ఏమయ్యాడు, చచ్చాడా, బతికాడా, చెప్పకపోతే మేమే చస్తాం అని పిల్లలు ఏకరువు పెట్టారు. మంచం పక్కన కూర్చుని అవి చదువుతుంటే ఒక సంగతి తట్టింది. చావులేని మనుషుల కథలు ఇన్ని రాస్తాం, ఇష్టంగా చదువుతాం, నేనైతే వాడిని ఎందుకు పుట్టించానో నాకు బాగా తెలుసు. ఏడేళ్ల వయసులో ఒకరు పోయాక, పోనివాడు ఒకడు కావాలనిపించింది. కానీ మేం రాసే కథల్లో చావులేనివాడు ఒంటరివాడు. వాడి కోసం ఎవరూ మొదటి బస్సెక్కి పరగడుపున రారు. వాడు ఎవరికీ ఏమీ కాడు, అందుకే చావడు. మా అత్త బతకడానికి ఆ తొమ్మిది మంది కావాల్సి వచ్చారు, పేరు తెలియని ఇంకో ముగ్గురు కావాల్సి వచ్చారు. రెంటిలో నాకు ఏది కావాలో తేల్చుకోవడానికి ఆ రోజు క్షణం పట్టలేదు.

మూడు బాటిళ్లు ఎక్కాక రక్తం పదికి చేరింది. ఆపరేషన్ రోజు పొద్దున లోపలికి తీసుకెళ్లారు. నేనూ నాన్నా బయట బెంచీ మీద కూర్చున్నాం. నాన్న తన చేతి వేళ్ల మధ్య లేని దారాన్ని పేనుతూ కూర్చున్నాడు. నాకు గడియారం చూడ్డానికి కూడా భయమేసింది. మధ్యాహ్నానికి డాక్టరమ్మ తలుపు తీసుకుని వచ్చింది. ముఖానికున్న గుడ్డ కిందకి లాగి నవ్వింది. సంచి తీసేశాం, నెత్తురు పెద్దగా పోలేదు, బాగుంది అంది. గడ్డ పరీక్ష ఫలితం రావడానికి ఇంకో వారం పట్టింది. ఆ వారం మేం ఎలా గడిపామో చెప్పను, చెడ్డదేమీ లేదని వచ్చింది. ఆ కాగితం నాన్న చదవలేడు, ఇంగ్లీషు. అయినా నా చేతిలోంచి తీసుకుని రెండు వైపులా చూసి, మడిచి, జేబులో పెట్టుకుని, జేబు మీద చేయి వేసుకునే ఇంటిదాకా వచ్చాడు.

కానీ నా మనసు కుదుటపడింది ఆ కాగితంతో కాదు, అంతకు ముందే. ఆపరేషన్ అయిన మరుసటి రోజు మధ్యాహ్నం. అత్త కళ్లు తెరిచింది. ఏమైనా కావాలా అని అడిగాను. ఏమీ వద్దు అంటుందని తెలుసు, నాకు జ్ఞానం వచ్చినప్పట్నుంచీ ఆ ప్రశ్నకు ఆమె జవాబు అదే.

“ఆకలేస్తా ఉండాది” అంది.

ఏడాదిగా ఆమె అన్నం సగానికి సగం వదిలేసి లేచిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. నా కథలో ఆకలిని శాపం అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ మాట ఇంత చల్లగా వినిపిస్తుందని నాకు తెలియదు. పరుగున వెళ్లి నర్సును అడిగాను. పలచటి రాగిజావ అయితే ఇవ్వొచ్చు, కొంచెం కొంచెంగా అంది. గ్లాసు పట్టుకొచ్చి తల కింద చేయి పెట్టి తాగించాను. మెల్లగా, ఒక్కో గుటకా ఆగి, గ్లాసంతా తాగింది. కొంగుతో మూతి తుడవబోతే నా చేయి పట్టుకుంది.

“ఇంగొంచెం తే” అంది.

మా అత్త నా చేతి నుంచి ఏదైనా రెండోసారి అడగడం అదే మొదలు.